ఒంటరివారికి ఇల్లు





"పాస్టరుగారూ, విశ్వాసుల ఇంట్లో నవలలు ఉండవచ్చునా?" అని పల్లెల్లో తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. పదవ తరగతి దాటిన పిల్ల చేతిలో బైబిలు, పాఠ్యపుస్తకం కాక మూడో పుస్తకం కనబడితే వారికి భయం. ఆ భయం ఉత్తది కాదు. చెడు కోరికలు రేపే పుస్తకాలు బస్టాండు బడ్డీల్లో ఎప్పుడూ దొరికేవి. ఇప్పుడు అలాంటివి సెల్‌ఫోనులోకే వచ్చాయి. అయితే కథ అన్నదే పాపమైతే మన ప్రభువు తప్పిపోయిన కుమారుని కథ చెప్పేవాడు కాదు. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరకు వెళ్ళి మొదటే తప్పు ఎత్తి చూపలేదు. ఒక బీదవాడు, అతను ముద్దుగా పెంచుకొన్న ఒకే ఒక్క గొఱ్ఱెపిల్ల అంటూ కథ చెప్పాడు. రాజుకు కోపం వచ్చిన తరువాతనే ఆ అద్దాన్ని అతని వైపు త్రిప్పాడు (2 సమూయేలు 12). మన తాతల నాటి క్రైస్తవ గృహాలలో బైబిలు ప్రక్కన 'యాత్రికుని ప్రయాణము' ఉండేది. జాన్ బన్యన్ రచించగా 1678లో అచ్చయిన ఆ పుస్తకం కూడా కల్పిత కథే గదా!

అందుచేత ఈ నెల మూడు పాత ఇంగ్లీషు నవలలను గూర్చి మీతో ముచ్చటించాలని ఆశిస్తున్నాను. మూడింటిలోనూ వింత మనుషులున్నారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు అనే లెక్కకు సరిపోని ఇళ్ళున్నాయి. ఇవి చదవలేని వారు కూడా ఈ కథలు తెలిసికొంటే మేలని నా మనవి. ఎందుకంటే అలాంటి మనుషులు, అలాంటి ఇళ్ళు మన ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. సంఘ రిజిస్టరు తెరిస్తే 'కుటుంబ యజమాని' అనే గడిలో ఎవరి పేరు వ్రాయాలో తోచని ఇళ్ళవి. పెండ్లి కాని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. మనుమణ్ణి పెంచుతున్న విధవరాలు. తనలో తాను మాట్లాడుకొంటూ గుడి వాకిలి ఊడ్చే మనిషి. వీరిని మనం ఎలా చూస్తున్నామన్నదే నేటి ప్రశ్న.

పడవే ఇల్లు

మొదటిది చార్లెస్ డికెన్స్ వ్రాసిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'. 1849 మే నుండి 1850 నవంబరు వరకు ఇది నెలకొక భాగంగా వెలువడింది. తన పుస్తకాలన్నిటిలోకీ ఇదే తనకు ముద్దుబిడ్డ అని రచయిత చెప్పుకొన్నాడు. ఆయన తండ్రి 1824లో అప్పులు తీర్చలేక జైలు పాలయ్యాడు. పన్నెండేళ్ళ డికెన్స్ బూట్ల పాలిష్ తయారుచేసే చోట సీసాలకు కాగితాలు అంటించే పనికి వెళ్ళాడు. ఆ బాధే ఈ కథలో ఊరింది.

డేవిడ్ పుట్టకముందే తండ్రి చనిపోయాడు. ఇంటి పనిమనిషి పెగాటీ వాణ్ణి ఒకసారి తన అన్న ఇంటికి, యార్మత్ అనే సముద్రపుటొడ్డు ఊరికి తీసికొని వెళుతుంది. అక్కడ ఇసుకలో నిలిపిన పాత పడవే ఇల్లు! దానికి తలుపు పెట్టారు, కిటికీలు కోశారు. అందులో నలుగురు కాపురముంటున్నారు. పిల్లవాడు వారిని ఒక తండ్రి, తల్లి, బిడ్డలు అనుకొంటాడు. విచారిస్తే సంగతి వేరు. యజమాని డేనియల్ పెగాటీ జాలరి, బ్రహ్మచారి. హామ్ అనే కుర్రవాడు సముద్రంలో మునిగిపోయిన సోదరుని కొడుకు. ఎమిలీ అనే పిల్ల, అలాగే మునిగిపోయిన బావగారి కూతురు. మన వరసల్లో హామ్, ఎమిలీ బావామరదళ్ళు. నాల్గవ మనిషి గమిడ్జ్ అనే విధవరాలు, అతనితో కలిసి ఒకే పడవ మీద వేటకు వెళ్ళి, బీదతనంలో చనిపోయినవాని భార్య. ఆమె అతనికి చుట్టం కూడా కాదు.

నలుగురిలో భార్యాభర్తలు లేరు, తల్లీబిడ్డలు లేరు. చావులు మిగిల్చిన మనుషులను ఒక జాలరి ఏరి తెచ్చి ఒక గూటిలో పెట్టుకొన్నాడు. తన మంచితనం ఎవరైనా ఎత్తితే అతనికి కోపం వస్తుంది. బల్ల మీద గుద్ది లేచిపోతానంటాడు. తన కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియనివ్వని మనిషి!

ఆ గమిడ్జమ్మ పొయ్యి ప్రక్కన కూర్చుని రోజంతా మూలుగుతుంది. చలి అందరికీ ఒకటే అయినా తనకే ఎక్కువంటుంది. పొగ అందరి కళ్ళలో పడినా తన కళ్ళే మండుతున్నాయంటుంది. తాను ఒంటరిదాన్ననీ అందరికీ భారమనీ ఆమె పాట. మనకు తెలియని పాటా ఇది? పెగాటీ విసుక్కోడు. పాపం, పోయిన ముసలాయనను తలంచుకొంటుందని సర్దిచెబుతాడు.

తరువాత ఆ ఇంటి మీద పిడుగు పడింది. హామ్‌తో నిశ్చయమైన పెండ్లిని విడిచి, ఎమిలీ ఒక ధనవంతుల కుర్రవాని మాటలు నమ్మి అతని వెంట వెళ్ళిపోయింది. ఊళ్ళో ఇలాంటి సంగతి జరిగితే మన ఇళ్ళలో వినబడే మాట మీకు తెలుసు: 'ఆ పిల్ల మాకు చచ్చింది.' పెగాటీ అలా అనలేదు. చేతికర్ర పట్టుకొని మేనకోడల్ని వెదకడానికి దేశాల మీద బయలుదేరాడు. బయలుదేరేముందు ఒక పని పురమాయించాడు. ప్రతి రాత్రీ ఆ పాత కిటికీలో కొవ్వొత్తి వెలగాలి; పిల్ల ఎప్పుడైనా తిరిగి వస్తే ఇంకా తనకు ఇల్లుందని ఆ వెలుగు చూచి తెలిసికోవాలి. ఆ వెలుగును ఆరిపోకుండా కాచినదెవరు? మూలుగుతూ కూర్చునే ఆ గమిడ్జమ్మే! పని మీద పడేసరికి ఆమె మూలుగు మాయమైంది. వలలు, తెడ్లు మోసింది, ఇల్లు చక్కబెట్టింది, కుమిలిపోతున్నవారికి తోడు నిలిచింది. ఆమె కొరతేమిటో అప్పుడు మనకు తెలుస్తుంది. అన్నం ఆమెకు దొరుకుతూనే ఉంది. తాను ఒకరికి అవసరమన్న మాట మాత్రం దొరకలేదు.

పెగాటీకి ఎమిలీ చివరికి లండన్‌లో దొరికింది. అతడు ఆమెను తీసికొని, గమిడ్జమ్మతో సహా ఓడ ఎక్కి ఆస్ట్రేలియా వెళ్ళి క్రొత్త బ్రదుకు ఆరంభించాడు. లూకా 15వ అధ్యాయము ఎరిగిన మనకు ఈ కథ క్రొత్తది కాదు. అక్కడి తండ్రి వాకిట్లో నిలిచి చూస్తాడు. గొఱ్ఱెల కాపరి వెదకుతూ వెళతాడు. ఈ జాలరి రెండూ చేశాడు.

అన్నీ సక్రమంగా ఉన్న ఇల్లు

డేవిడ్ పడవ ఇంటి నుండి తిరిగి వచ్చేసరికి తల్లి మర్డ్‌స్టన్ అనే ఆయనను పెండ్లి చేసికొన్నది. ఇప్పుడు రిజిస్టరులో అన్ని గళ్ళూ నిండాయి. యజమాని ఉన్నాడు, ఇల్లాలు ఉంది, బిడ్డ ఉన్నాడు. ఆయన అక్క వచ్చి ఇంటి తాళపు చెవులు తీసికొన్నది. ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళేవారు. బయటనుండి చూచినవారు మాదిరి కుటుంబమనే అనుకొంటారు.

లోపల ఏముంది? భయం. 'గట్టిగా ఉండాలి' అన్నది ఆ మనిషి సూత్రం. పాఠం తడబడితే బెత్తంతో కొడతాడు. ఒకసారి పిల్లవాడు ఆ చేయి కొరికాడు. వాణ్ణి దూరపు బడికి పంపి, 'వీడు కరుస్తాడు' అన్న అట్ట వీపు మీద కట్టించారు. తల్లి బిడ్డను దగ్గరకు తీసికోవడానికి కూడా భయపడి, క్రుంగిపోయి చనిపోయింది. పదేళ్ళ పిల్లవాణ్ణి సీసాలు కడిగే గోదాములో పనికి పెట్టారు. పుస్తకం చివర్లో చిలిప్ అనే డాక్టరు ఈ అక్కాతమ్ముళ్ళ భక్తిని గూర్చి మాట్లాడుతూ, వీరి పద్ధతికి క్రొత్త నిబంధనలో ఆధారం తనకు కనబడదంటాడు. మెత్తని మనిషి పలికిన గట్టి మాట!

దేవుని బిడ్డలారా, ఇది మనకు గురిపెట్టిన బాణం. కుటుంబం సక్రమంగా కనబడటం వేరు, కుటుంబంలో ప్రేమ ఉండటం వేరు. ముందు వరుసలో కూర్చునే తండ్రి ఇంటికెళ్ళి బెల్టు తీస్తాడని ఆ బిడ్డకు తెలుసు, దేవునికి తెలుసు. తండ్రులు తమ పిల్లలకు కోపము రేపకూడదని ఎఫెసీ 6:4 మనలను హెచ్చరిస్తున్నది.

మధ్యలో డేవిడ్ మికాబర్ అనే ఆయన ఇంట్లో అద్దెకుంటాడు. ఆయన నవ్విస్తాడు, ప్రేమిస్తాడు, అప్పులు చేస్తాడు. ఏదో ఒకటి కలిసివస్తుందని ఎదురుచూస్తూ జైలుకెళ్తాడు. ఇరవై పౌన్ల రాబడిలో ఆరు పెన్నీలు మిగిలితే సుఖమనీ, ఆరు పెన్నీలు మించితే దుఃఖమనీ లెక్క మాత్రం చక్కగా చెబుతాడు, తానే పాటించడు. వడ్డీ వ్యాపారి చేతిలో నలిగే మన రైతు కుటుంబాలకు ఈ లెక్క వివరించనక్కర లేదు. వింత మనిషి అయినంత మాత్రాన ప్రతి పనీ మంచిదైపోదని కూడా రచయిత దాచలేదు.

గాడిదలు, గాలిపటం, ఒక స్నానం

గోదాము బాధ ఓర్వలేక డేవిడ్ లండన్ నుండి పారిపోయాడు. పెట్టె, డబ్బు దోపిడీ అయ్యాయి. ఒంటి మీది బట్టలు అమ్ముకొంటూ డోవర్ అనే ఊరికి నడిచాడు. అక్కడ తండ్రికి అత్త వరసైన బెట్సీ ట్రాట్‌వుడ్ అనే పెద్దావిడ ఉంటుంది. ఈమె చాలా విచిత్రమైన మనిషి. డేవిడ్ పుట్టిన రాత్రి వచ్చి, ఆడపిల్ల పుడుతుందని పట్టుబట్టి, మగపిల్లవాడని వినగానే టోపీతో డాక్టరును ఒక దెబ్బ వేసి వెళ్ళిపోయింది. ఇంటి ముందు పచ్చిక మీద గాడిద కాలుమోపితే ఎంత పనిలో ఉన్నా లేచి పరుగెత్తి తరుముతుంది. ఊరివారు నవ్వుకొంటారు. కాని ఆమె వెనుక ఒక గాయముంది. బాధపెట్టిన భర్తకు దూరమై ఒంటరిగా బ్రదుకుతున్నది. అతడు అప్పుడప్పుడు వచ్చి డబ్బు గుంజుకుపోతాడు. ఆమె ఎవరితోనూ చెప్పుకోదు.

ఆ ఇంట్లో డిక్ అనే పెద్దాయన ఉన్నాడు. మతి కొంచెం స్థిరం లేదు. సొంత అన్నే అతణ్ణి పిచ్చివాళ్ళ ఇంటికి పంపి వదిలించుకోజూస్తే, బెట్సీ తన ఇంట్లో చోటిచ్చింది. అతడు ఏళ్ళ తరబడి ఒక విజ్ఞాపన పత్రం వ్రాస్తున్నాడు. ఎంత జాగ్రత్తపడినా, 1649లో శిరచ్ఛేదం పొందిన చార్లెస్ రాజు తల అందులోకి వచ్చి పడుతుంది! పాడైన కాగితాలతో పెద్ద గాలిపటం చేసి ఎగురవేస్తాడు.

చింపిరి బట్టలతో పిల్లవాడు వాకిట్లోకి వచ్చి 'నేను మీ మనుమణ్ణి' అన్నాడు. ఆమె దారిలోనే చతికిలబడిపోయింది. లోపలికి తీసికెళ్ళి, "ఈ పిల్లవాణ్ణి ఏం చేద్దాం?" అని డిక్‌ను అడిగింది. అతడు కాసేపు ఆలోచించి, స్నానం చేయించమన్నాడు. రాత్రి మళ్ళీ అడిగితే పడుకోబెట్టమన్నాడు. మర్డ్‌స్టన్‌లు పిల్లవాని కోసం వచ్చి నిలిచినప్పుడు మూడోసారి అడిగింది. వెంటనే కొత్త బట్టలకు కొలతలు తీయించమన్నాడు!

తెలివిగలవారయితే ఏమనేవారు? ఎవరి బాధ్యత, ఖర్చెంత, లోకులేమంటారు అని పెద్దల పంచాయితీ పెట్టేవారు. తెలివి తక్కువవాడన్న మనిషి మాత్రం మురికిగా ఉన్న బిడ్డకు నీళ్ళు, అలసిన బిడ్డకు పడక, బట్టలేని బిడ్డకు బట్ట అన్నాడు. మత్తయి 25లో ప్రభువు కుడివైపున ఉన్నవారిని గూర్చి చెప్పిన సంగతులు ఇవే గదా!

ఇక్కడ బెట్సీ చేసిన పని గమనించండి. డిక్‌కు అన్నం పెట్టడంతో ఆమె సరిపెట్టుకోలేదు. అతని సలహా అడిగింది, అందరి ముందు అతని మాట నెగ్గించింది. తరువాత ఆమె ఆస్తి పోయినట్లు తెలిసినప్పుడు, డిక్ కాగితాలకు నకళ్ళు వ్రాసే పనికి కుదిరాడు. రాజుగారి తల అడ్డురాకుండా విజ్ఞాపనకు వేరొక బల్ల పెట్టారు. మొదటి సంపాదనను వెండి నాణేలుగా మార్చి, పళ్ళెంలో హృదయం ఆకారంగా పేర్చి, కన్నీళ్ళతో ఆమె ముందుంచాడు. ఇంకొక ఇంట్లో ఒక ముసలి గురువుకూ ఆయన యౌవన భార్యకూ మధ్య పెరిగిన అపోహను కూడా ఇతడే తొలగిస్తాడు. గొప్పవారు కల్పించుకొంటే తప్పుపడతారు. వెర్రివాణ్ణి ఎవరూ తప్పుపట్టరని అతని ధైర్యం.

నేతగాని గడప

రెండవది 1861లో వచ్చిన 'సైలస్ మార్నర్'. వ్రాసినది మేరీ ఆన్ ఎవాన్స్. జార్జ్ ఎలియట్ అన్న మగ పేరుతో ప్రచురించింది. ఇది సంఘ పెద్దలందరూ వినవలసిన కథ.

సైలస్ నేతగాడు. లాంతర్ యార్డ్ అనే చిన్న భక్త సమాజంలో అందరి మన్నన పొందినవాడు. అప్పుడప్పుడు ఒళ్ళు తెలియని మూర్ఛ వచ్చేది. ఒక రాత్రి చనిపోతున్న పరిచారకుని దగ్గర కావలి కూర్చున్నాడు. ఆ రాత్రే సంఘపు డబ్బు పోయింది. ప్రాణస్నేహితుడే దొంగతనం చేసి అతని మీద నింద వేశాడు. సంఘంవారు విచారించలేదు, ప్రార్థన చేసి చీట్లు వేశారు. చీటి అతడే దోషి అన్నది! అతనికి నిశ్చయమైన పెండ్లికూతురు ఆ స్నేహితుణ్ణే చేసికొన్నది. సైలస్ దేవుణ్ణీ మనుషులనూ వదిలేసి, దూరాన రావెలో అనే పల్లెకు పోయి మగ్గం ముందు కూర్చున్నాడు. పదిహేనేళ్ళు నేసి 270 పౌన్లకు పైగా బంగారు నాణేలు కూడబెట్టాడు. రాత్రిపూట వాటిని లెక్కపెట్టుకోవడమే అతని లోకం. ఊరి పిల్లలకు అతడంటే భయం. ఒక రాత్రి ఆ బంగారాన్నీ దొంగ ఎత్తుకుపోయాడు.

కొద్ది వారాలకు, క్రొత్త సంవత్సరపు ముందు రాత్రి, మంచులో పడి ఒక స్త్రీ చనిపోయింది. ఆమె రెండేళ్ళ పాప వెలుగు చూచి ప్రాకుతూ సైలస్ గుడిసెలోకి వచ్చి పొయ్యి ముందు నిద్రపోయింది. మూర్ఛ నుండి తేరుకొన్న సైలస్ మసక చూపుతో ఆ పాప బంగారు జుట్టును చూచి తన బంగారమే తిరిగి వచ్చిందనుకొని చేయి చాచాడు. చేతికి మెత్తని వెంట్రుకలు తగిలాయి.

అతడా బిడ్డను ఎవ్వరికీ ఇవ్వనన్నాడు. బ్రహ్మచారి, పరదేశి, మూర్ఛరోగి. ఏ కమిటీ అయినా ఒప్పుకొనేదా? ప్రక్కింటి డాలీ విన్‌త్రప్ అనే చదువులేని తల్లి వచ్చి తన పిల్లల పాత బట్టలిచ్చి, స్నానం చేయించడం నేర్పింది. పాపకు బాప్తిస్మం ఇప్పించమంది. సైలస్ తన తల్లి పేరు, చనిపోయిన చెల్లెలి పేరు పెట్టాడు: హెఫ్సీబా. యెషయా 62:4లో దేవుడు విడువబడిన పట్టణానికి ఇచ్చిన పేరది. ముద్దుపేరు ఎప్పీ. అల్లరి చేస్తే కాసేపు బొగ్గుల గదిలో ఉంచమని డాలీ చెప్పింది. సైలస్ అలా చేస్తే, పాపకది ఆటయింది. బట్టలు మార్చి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ తానే వెళ్ళి అందులో కూర్చున్నది! మన తల్లులు నవ్వకుండా ఉండలేరు.

పదహారేళ్ళ తరువాత అసలు తండ్రి, ఊరి దొర, బిడ్డ నాది అంటూ ఆస్తి చూపించి పిలిచాడు. ఎప్పీ కదలలేదు. తన తండ్రి సైలసే అన్నది. డబ్బుతో ముడివేసిన హక్కు ఒకవైపు, పదహారేళ్ళు ఎత్తి పెంచిన చేతులు ఒకవైపు!

ఒక సంఘం చీట్లు వేసి వెళ్ళగొట్టిన మనిషిని ఒక పసిపాప, ఒక పొరుగింటి తల్లి తిరిగి మనుషుల్లోకి తెచ్చారు. విచారణ లేకుండా ఎవరినైనా 'వెలి' అనేముందు లాంతర్ యార్డ్‌ను తలంచుకొందాము.

పొరపాటున వచ్చిన పిల్ల

మూడవది 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' (1908). కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జరిగే కథ. రచయిత్రి ఎల్. ఎమ్. మాంట్‌గోమరీ రెండేళ్ళు నిండకముందే తల్లిని పోగొట్టుకొని అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. 1911లో ప్రెస్బిటేరియన్ పాస్టరును పెండ్లాడి పాస్టరమ్మగా జీవించింది.

మాథ్యూ, మరిల్లా పెండ్లికాని వయసుమళ్ళిన అన్నాచెల్లెళ్ళు. పొలం పనికి సాయంగా అనాథాశ్రమం నుండి మగపిల్లవాణ్ణి అడిగారు. పొరపాటున పదకొండేళ్ళ ఆన్ అనే ఎర్రజుట్టు పిల్ల వచ్చింది. నోరు మూయదు, చెట్లకూ చెరువులకూ పేర్లు పెడుతుంది. ఇంటికి తెచ్చిన అనాథలు ఇళ్ళు తగలబెట్టారనీ, బావిలో విషం కలిపారనీ పొరుగామె ముందే భయపెట్టింది. ఈ పిల్ల వల్ల మనకేం లాభమని మరిల్లా అడిగితే, మనవల్ల ఆ పిల్లకు లాభం ఉండవచ్చునని సిగ్గరి మాథ్యూ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇల్లు తలక్రిందులైంది. చివరికి మాథ్యూ చనిపోయి, మరిల్లాకు చూపు మందగించినప్పుడు, ఆన్ తన పై చదువు స్కాలర్‌షిప్పు వదులుకొని ఆమె దగ్గర నిలిచిపోయింది.

వాక్యములో ఇలాంటి ఇళ్ళు

ఇవి కథలే గదా అనేవారు బైబిలు తెరవండి. ఎస్తేరును పెంచినది తల్లిదండ్రులు కాదు, చినతండ్రి కొడుకు మొర్దెకై. రూతు, నయోమి రెండు విధవల కాపురం. ఆ ఇంట్లో బిడ్డ పుడితే, నయోమికి కొడుకు పుట్టాడని ఇరుగుపొరుగు స్త్రీలు సంతోషించారు. బేతనియలో మార్త, మరియ, లాజరు అక్కచెల్లెళ్ళు, తమ్ముడు. మన ప్రభువు విశ్రాంతికి ఆ గడప త్రొక్కేవాడు. రెండు కాళ్ళు కుంటియైన మెఫీబోషెతుకు దావీదు ధాన్యం పంపి సరిపెట్టలేదు. తన బల్లయొద్దనే భోజనానికి కూర్చోబెట్టాడు. రూఫు తల్లి తనకును తల్లియే అని పౌలు వ్రాశాడు. సిలువ మీద ప్రాణం పోతున్న వేళ కూడా మన రక్షకుడు తన తల్లికి కొడుకును, శిష్యునికి తల్లిని అప్పగించాడు. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడు. 68వ కీర్తన 6వ వచనము ఒంటరివారికి కుటుంబమిచ్చే దేవుణ్ణి మనకు చూపిస్తుంది.

దీని అర్థం వివాహం అక్కరలేదని కాదు. వివాహము దేవుడు ఏర్పరచినది, ఘనమైనది. అయితే మరణం, దరిద్రం, ద్రోహం దానిని పగులగొట్టినప్పుడు మిగిలినవారి కాపురం తక్కువది కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ రచయితలు పరిశుద్ధులు కారు. డికెన్స్ తన పిల్లల కోసం ప్రభువు జీవిత చరిత్ర వ్రాసిపెట్టాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1934లో అది అచ్చయింది. అదే మనిషి 1858లో భార్యను వేరుచేశాడు. జార్జ్ ఎలియట్ యౌవనంలోనే సంఘ విశ్వాసానికి దూరమైంది. మంచి మాట వ్రాయడం సులువు, ఆ మాట ప్రకారం ఇల్లు నిలుపుకోవడం కష్టం. మంచిని చేపట్టి, తక్కినది విడిచిపెట్టి చదవడం పిల్లలకు నేర్పండి.

మన సంఘంలో

ఇప్పుడు మన గడప దగ్గరకు వద్దాం.

బంధువుల పిల్ల అని ఒక తల్లిలేని ఆడపిల్లను తెచ్చుకొంటాము. ఆమె బడికి వెళుతున్నదా, అంట్లు తోముతున్నదా? మన పిల్లలతో కలిసి తింటున్నదా, తరువాత తింటున్నదా? ఆన్‌ను కూడా మొదట ఒకామె పిల్లల్ని మోయడానికి పనిపిల్లగా అడిగింది. ఆమె చూపు చూచే మరిల్లా మనసు మారింది.

పిల్లలు లేని దంపతులు తెలిసికొనవలసిన సంగతి ఒకటి. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. పూర్వం క్రైస్తవులు 1890 నాటి చట్టం క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏ మతస్థులకైనా చట్టబద్ధమైన దత్తతకు వీలు కల్పించింది. నోటిమాట మీద, మధ్యవర్తుల ద్వారా బిడ్డను తీసికోకండి. జిల్లా బాలల సంక్షేమ సమితిని గానీ బాలల రక్షణ అధికారులను గానీ అడగండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

మతి స్థిరం లేనివారిని గూర్చి ఒక మనవి. వారికి దయ్యమని నిర్ణయించి గొలుసు వేయడం ప్రేమ కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దానిని నిషేధించింది. ప్రార్థన చేయండి, డాక్టరుకూ చూపించండి. మందుల మీద నిలకడగా ఉన్నవారికి సంఘంలో పని ఇవ్వండి. చాపలు పరచడం, గంట కొట్టడం, పాటల పుస్తకాలు పంచడం. చేసిన పనికి అందరి ఎదుట వందనాలు చెప్పండి. డిక్ పేర్చిన నాణేలు మన పళ్ళెంలోనూ పడతాయి.

పెండ్లికాని అక్కలను, విధవలను 'పాపం' అనడం మాని పని అప్పగించండి. సండేస్కూలు పాఠం చెప్పగలవారు, రోగుల దగ్గర కూర్చోగలవారు వారిలో ఉన్నారు. కుటుంబ కూడికలు ఎప్పుడూ పెద్ద ఇళ్ళలోనేనా? ఒంటరి వారింట ఒక కూడిక పెట్టండి. టీకి పంచదార, పాలు మనమే తీసికెళదాం.

తొందరపడి ఇల్లు విడిచివెళ్ళిన బిడ్డ ఎవరికైనా ఉంటే, వారికి ఒక్క మాట. పాపాన్ని పాపమనే చెప్పండి. కాని కిటికీలో దీపం ఆర్పకండి. ఒక ఉత్తరం, ఒక ఫోను పిలుపు చాలు. ఇల్లు ఇంకా ఉందని బిడ్డకు తెలియాలి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో వీటిని మాట్లాడుకోండి:

1. రూతు 4:13-17 చదవండి. నయోమి ఇంటిని ఊరి స్త్రీలు ఏ విధంగా చూశారు?

2. మన వీధిలో క్రిస్మస్ రోజున ఒంటరిగా భోజనం చేసేవారెవరు?

3. మన ఇంట్లో ఎవరి సలహా మనం ఎన్నడూ అడగలేదు?

ప్రార్థన: ఒంటరివారిని చేర్చుకొనే తండ్రీ, మా ఇళ్ళు చక్కగా కనబడాలని మేము పడే తాపత్రయం నీకు తెలుసు. వాటిలో ప్రేమ ఉండునట్లు మాకు సహాయము చేయుము. నీవు మా గడపకు పంపిన వారిని గుర్తించు కన్నులిమ్ము. నీ కుమారుడును మా రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.